ఏడు డబ్బాలు వాడినా షుగర్ ఎందుకు దిగలేదు?

ఈ నెల ఉత్తరాలన్నీ షుగర్ మీదే. అందులోనూ "ఏం తినాలి" అని అడిగినవాళ్లు తక్కువ, "ఏ సప్లిమెంట్ మంచిది" అని అడిగినవాళ్లు ఎక్కువ. నేను సప్లిమెంట్లకి శత్రువునేం కాను. 23 ఏళ్లుగా డైటీషియన్‌గా పని చేస్తున్నాను, లోపం ఉన్నచోట నేనే వేసుకోమంటాను. కాకపోతే నాకు 49వ ఏట హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష) 5.9 వచ్చినప్పుడు నేను ముందు మార్చింది కంచాన్ని. ఆ సంగతి తెలిశాక నా జవాబులు చదివితే, నేనెందుకు ఇలా వేధిస్తున్నానో మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఆర్నెల్ల కిందట పరగడుపున 112, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. డాక్టరు గారు "బార్డర్‌లైన్‌లో ఉన్నారు, మందులు ఇప్పుడే వద్దు, తిండీ నడకా చూసుకోండి" అన్నారు. అప్పటినుంచి క్రోమియం, దాల్చినచెక్క క్యాప్సూల్స్, బెర్బెరిన్, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, విటమిన్ డి, మెగ్నీషియం వాడుతున్నాను. జుట్టు కోసం బయోటిన్ కూడా. మొన్న పరీక్ష చేయిస్తే 6.0. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏది పని చేయడం లేదు? డోసు పెంచాలా? నా రోజువారీ తిండి వెనకవైపు రాశాను.

జవాబు: అమ్మా, ముందు ఆ 6.0 సంగతి. 6.1కీ 6.0కీ తేడా లేదనే అనుకోండి. అదే రక్తం రెండు ల్యాబుల్లో ఇచ్చినా అంతమాత్రం అటూఇటూ రావచ్చు. కాబట్టి పెరగలేదు, తగ్గనూ లేదు. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు, 6.5, ఆ పైన అయితే డయాబెటిస్. మీరు సరిగ్గా మధ్యలో ఉన్నారు. వెనక్కి రావడానికి ఇదే మంచి సమయం.

ఇక డబ్బాలు. బెర్బెరిన్ కొన్ని మొక్కల్లోంచి తీసే పదార్థం, అది షుగర్‌ని కొంత తగ్గిస్తుందని కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించిన మాట నిజమే. కానీ అది ఖాళీ చేతులతో రాదు. కడుపునొప్పి, విరేచనాలు చాలామందికి మామూలు. పైగా మందుల్ని విరగ్గొట్టే కాలేయం పనిని అది అడ్డుకుంటుంది కాబట్టి, కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మందులు ఒంట్లో ఉండాల్సినదానికంటే ఎక్కువ నిలిచిపోవచ్చు. మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నట్టు ఉత్తరం చివర ఒక్క ముక్క రాశారు. బెర్బెరిన్ వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పారా? చెప్పి ఉండరు. "అది మందు కాదుగా" అనుకుని ఉంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇదే మాట అంటారు. ఈ వారంలోనే ఆ డబ్బా తీసుకెళ్లి ఆయనకి చూపించండి, అంతవరకు ఆపండి.

దాల్చినచెక్క వంటలో వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. క్యాప్సూల్ సంగతి వేరు. మార్కెట్లో ఎక్కువగా దొరికే కాసియా రకంలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది, అది మోతాదు మించి చాలాకాలం వెళ్తే కాలేయానికి మంచిది కాదు. యూరప్‌లో దానికి పెట్టిన హద్దు రోజుకి కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము మాత్రమే. మీ డబ్బా మీద ఏ రకమో రాసి ఉందా, చూడండి. క్రోమియం ఒక ఖనిజం, దాని లోపం మామూలుగా తినేవాళ్లకి దాదాపు రాదు, లోపం లేనప్పుడు వేసుకుంటే ఒరిగేదేమీ కనిపించలేదు. ఆల్ఫా లిపోయిక్ యాసిడ్‌ని కొన్ని దేశాల్లో పాదాల్లో నరాల మంటకి వాడతారు, మీకు ఆ సమస్యే లేదు.

విటమిన్ డి గురించి మాత్రం పెద్ద పరీక్షే జరిగింది. ప్రీడయాబెటిస్ ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజూ 4,000 యూనిట్లు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2019లో ఫలితం వచ్చింది. షుగర్ రాకుండా ఆపడంలో నమ్మకంగా చెప్పదగ్గ తేడా తేలలేదు. మీ రక్తంలో డి తక్కువగా ఉంటే ఎముకల కోసం వేసుకోండి, షుగర్ కోసం కాదు. మెగ్నీషియం కూడా అంతే, తక్కువ ఉందని తేలితే సరే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం అడగకుండా ముట్టుకోకూడదు. ఇక బయోటిన్. దానికీ షుగర్‌కీ సంబంధం లేదు గానీ, ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్షల్ని, గుండెపోటు కనిపెట్టే ట్రోపోనిన్ పరీక్షని తప్పుదారి పట్టిస్తుంది. ఈసారి రక్తం ఇచ్చేముందు ల్యాబువాళ్లకి ఆ మాట చెప్పండి.

మొత్తమ్మీద చెప్పాలంటే, డోసు పెంచడం కాదు, షుగర్ కోసం కొన్న ఆరు డబ్బాలు దించేయడం గురించి మాట్లాడుకోవాలి.

ఇప్పుడు కాగితం వెనకవైపుకి వద్దాం. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది అదే. పొద్దున ఓట్స్, పెద్ద గ్లాసుడు నారింజ రసం. మధ్యాహ్నం రెండున్నరకి అన్నం, కూర "కొంచెం". సాయంత్రం బిస్కెట్లు "రెండో మూడో". రాత్రి తొమ్మిదిమ్ముప్పావుకి మళ్లీ అన్నం, పదింటికి పడక. ఇందులో మాంసకృత్తులు ఎక్కడున్నాయో వెతికి వెతికి అలిసిపోయాను.

నారింజ రసం ఆరోగ్యమనే కదా తాగుతున్నారు. పావు లీటరు రసంలో 20 గ్రాములకి పైనే చక్కెర ఉంటుంది, అంటే ఐదు చెంచాలన్నమాట. మూడు పండ్లు నమిలి తినాలంటే పది నిమిషాలు పడుతుంది, రెండో పండుకే చాలనిపిస్తుంది. రసమైతే నాలుగు గుక్కల్లో లోపలికి పోతుంది. పీచు జ్యూసర్‌లోనే మిగిలిపోతుంది. అడ్డు చెప్పే పీచు లేకుండా ఆ చక్కెర నేరుగా రక్తంలోకి చేరుతుంది. రసం మానేసి ఒక పండు తినండి. ఓట్స్‌తో పాటు ఒక గుడ్డో, గుప్పెడు గింజలో, తీపి కలపని పెరుగో చేర్చండి.

మధ్యాహ్నం మీరు అన్నం మానక్కర్లేదు. కంచాన్ని కళ్లతో కొలవండి: సగం కూరగాయలు (బంగాళాదుంప ఆ లెక్కలోకి రాదు), పావు వంతు పప్పో గుడ్డో చేపో చికెనో, మిగతా పావు అన్నం. ఇంకో చిన్న కిటుకు ఉంది, దీనికి డబ్బూ అక్కర్లేదు, డబ్బా అంతకన్నా అక్కర్లేదు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని అన్నం చివర తినండి. అమెరికాలో వెయిల్ కార్నెల్ పరిశోధకులు 2015లో టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. పిండిపదార్థం చివర తిన్న రోజున గంట తర్వాతి షుగర్ మూడో వంతుకి పైగా తక్కువగా ఉంది. 11 మందంటే చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. కానీ నా మీద నేను చేసి చూసుకున్నాను. అదే అన్నం, అదే కూర. కలిపి తిన్న రోజు గంటకి 168, వరస మార్చిన రోజు 139. మీకూ ఇదే అంకె వస్తుందని కాదు. ఇంట్లో షుగర్ మీటరుంటే మీరూ చూసుకోండి.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు, తిన్నాక పది, పదిహేను నిమిషాల నడక. నడిచేటప్పుడు కాళ్ల కండరాలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటాయి. పొద్దున గంటసేపు నడిచి రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి ఈ సంగతి నచ్చదు, అయినా చెప్తాను: భోజనం తర్వాత పెరిగే షుగర్ మట్టుకు, తిన్నాక నడిచే పది నిమిషాలకి చాలా విలువ ఉంది.

నేనింత గట్టిగా మాట్లాడటానికి కారణం 2002లో వచ్చిన ఒక ఫలితం. షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న మూడు వేల పైచిలుకు మందిని తీసుకుని, కొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, కొందరితో తిండీ నడకా మార్పించారు. వారానికి 150 నిమిషాల నడక, బరువులో 7 శాతం తగ్గడం, అంతే లక్ష్యం. ఉత్తుత్తి మాత్రవాళ్లతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో షుగర్ రావడం 31 శాతం తగ్గింది, తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో 58 శాతం. 70 కిలోల మనిషికి 7 శాతం అంటే ఐదు కిలోల లోపే.

అసలు ఏ సప్లిమెంటూ వద్దా అంటే, నేను ఒప్పుకునేది ఒకటుంది: ఇసబ్‌గోల్ పొట్టు. అది నీళ్లతో కలిసి జిగురుగా మారి, తిన్నదాన్ని నెమ్మదిగా అరిగేలా చేస్తుంది. భోజనానికి ముందు చిన్న చెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసుడు నీళ్లతో తీసుకోండి. నీళ్లు తక్కువైతే గొంతులో అడ్డుపడుతుంది. మీ బీపీ మాత్రకీ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి.

మూడు నెలల తర్వాత మళ్లీ రాయండి. ఎర్ర రక్తకణం బతికేదే సుమారు 120 రోజులు, అంతకుముందు హెచ్‌బీఏ1సీ చూసుకుంటే కంగారు తప్ప ఏమీ మిగలదు.

ప్రశ్న: చక్కెర మానేసి తేనె వాడుతున్నాను. తేనె సహజం కాబట్టి షుగర్ పెరగదు కదా?

జవాబు: పెరుగుతుంది. తేనెటీగకి మీ రిపోర్టు తెలీదు. చెంచా తేనె, చెంచా చక్కెర రెండింటినీ ఒకేలా లెక్కేసుకోండి.

ప్రశ్న: నాకు 53. రాత్రి పడుకునే ముందు 118 ఉంటుంది. తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. తెల్లారేసరికి 134! గాలి పీల్చినా షుగర్ పెరుగుతుందా?

జవాబు: మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఇదే మాట నేనూ మా డాక్టరుతో అన్నాను. గాలి కాదు, మీ కాలేయం. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల నుంచి కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి. ఒంటిని నిద్రలేపడానికి అవి కాలేయంలో దాచిన గ్లూకోజ్‌ని బయటికి తోస్తాయి. ఇన్సులిన్ చురుగ్గా ఉన్నవాళ్లలో అది వెంటనే సర్దుకుంటుంది. మన బోటివాళ్లలో అక్కడే ఉండిపోతుంది.

రాత్రి తిండి మానేస్తే ఇది తగ్గుతుందని చాలామంది పస్తులుంటారు. పెద్దగా లాభం ఉండదు. రాత్రి తొందరగా తినడం, తిన్నాక నడవడం, ఏడు గంటల నిద్ర, ఇవి కొంత పని చేస్తాయి. నిద్ర తక్కువైన మర్నాడు నా అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, షుగర్ అంకెలు రాసుకునే పుస్తకంలో ఆ రోజుల పక్కన చిన్న చంద్రుడి బొమ్మ వేసుకుంటాను. 126, ఆ పైన రెండుసార్లు వచ్చిందంటే మాత్రం ఇంట్లో మీటరుతో సరిపెట్టుకోకండి. ల్యాబులో పరగడుపు పరీక్ష, హెచ్‌బీఏ1సీ చేయించుకుని డాక్టరుని కలవండి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. పదేళ్లుగా షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. రెండు నెలలుగా తెలిసినవాళ్లిచ్చిన మూలికల మాత్రలు కూడా వేసుకుంటున్నారు, "వంద శాతం సహజం" అని ఉంది. షుగర్ బ్రహ్మాండంగా దిగింది. కానీ అప్పుడప్పుడు పదకొండు గంటలకి చెమటలు పట్టి, చేతులు వణికి, చిరాకు పడుతున్నారు. మెల్లగా గ్లిమెపిరైడ్ మానేద్దామంటున్నారు. మానవచ్చా?

జవాబు: బాబూ, ఇది వచ్చే నెల పత్రికలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు, అందుకే మీకు విడిగా ఉత్తరం కూడా రాశాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ.

చెమట, వణుకు, చిరాకు అంటే షుగర్ పడిపోతోందని. గ్లిమెపిరైడ్ అంటే, మనిషి భోజనం చేసినా చేయకపోయినా ఇన్సులిన్‌ని బయటికి పంపే మందు. దాని మీద ఇంకొకటి కలిస్తే, డెబ్బై దాటిన మనిషికి, అందులోనూ పొద్దున టిఫిన్ ఆలస్యమైతే, మెదడుకి గ్లూకోజ్ అందదు. పడిపోతే తుంటి విరుగుతుంది. షుగర్ 200 ఉన్న రోజుకంటే 50 ఉన్న ఆ అరగంటే నాకు ఎక్కువ భయం.

ఇంకో అనుమానం కూడా చెప్పాలి. "సహజం" అని అమ్మిన షుగర్ మాత్రల్ని ల్యాబుల్లో పరీక్షించినప్పుడు వాటిలో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి అసలు మందులే దొరికిన సందర్భాలు వివిధ దేశాల్లో ఉన్నాయి. డబ్బా మీద ఆ పేరు ఉండదు. మీ నాన్నగారి మాత్రలో అలా కలిసిందని నేననడం లేదు. కానీ ఏ మూలికా "బ్రహ్మాండంగా" పని చేయదు, చేస్తే అనుమానించాల్సిందే.

కాబట్టి ఆపాల్సింది గ్లిమెపిరైడ్ కాదు, ఆ మూలికల మాత్ర. అదీ ఈ పూటే. మందు తగ్గించాలో మార్చాలో డాక్టరు చెప్పాలి, డబ్బాతో సహా ఇవాళో రేపో వెళ్లండి. ఈలోగా వణుకు వస్తే మీటరుతో చూడండి. 70కి తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. చాక్లెట్ వద్దు, దానిలోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. 15 నిమిషాలకి మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వండి. మీటరు చేతికి అందకపోతే చూడటం కోసం ఆగకండి, ముందు చక్కెర ఇచ్చేయండి. స్పృహ సరిగా లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నేను పైన మొదటి జవాబులో నారింజ రసాన్ని అంతగా తిట్టాను కదా. ఆ రసానికి ఇదే సరైన వేళ, అర గ్లాసు చాలు.

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. షుగర్ అదుపులోనే ఉంది. అయినా ఏడాదిగా పాదాల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు. షుగర్ వల్లే అని సర్దుకుపోవాలా? నేను మాంసాహారం తినను.

జవాబు: సర్దుకుపోకండి. బి12 పరీక్ష చేయించారా? మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లోంచి బి12 సరిగా ఒంటికి పట్టదు. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే దొరుకుతుంది కాబట్టి మీకు రెండు వైపుల నుంచీ కోత పడుతోంది. దాని లోపం వల్ల వచ్చే తిమ్మిరి, షుగర్ వల్ల వచ్చే తిమ్మిరి బయటికి ఒకేలా ఉంటాయి. మొదటిదాన్ని సకాలంలో పట్టుకుంటే సరిదిద్దవచ్చు, వదిలేస్తే నరం శాశ్వతంగా దెబ్బతింటుంది. మెట్‌ఫార్మిన్ మానేయకండి, మంచి మందది. బి12 తక్కువుంటే మాత్రో ఇంజెక్షనో డాక్టరు రాస్తారు. చూశారా, ఇక్కడ సప్లిమెంట్‌కి నేనేమీ అడ్డుపడటం లేదు. ఏ లోటు కోసం వేసుకుంటున్నామో తెలుసు కాబట్టి.

దాంతోపాటే హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తం పోయిన తర్వాతైతే తక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: ఒకే నిమిషంలో రెండు వేళ్లకి చూస్తే ఒకదానికి 121, ఇంకోదానికి 133. మీటరు పాడైందా? ఏ అంకె నమ్మాలి?

జవాబు: పాడవలేదు. ఇంటి మీటర్లకి ప్రమాణమే అలా ఉంటుంది. 100, ఆ పైన అంకెల్లో 15 శాతం అటూఇటూ రావడం ఆమోదించిన హద్దే. కాబట్టి ఒక్క అంకెని పట్టుకుని కూర్చోకండి, జతగా చూడండి: తినేముందు ఒకటి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకి ఒకటి. పక్కన ఏం తిన్నారో నాలుగు మాటలు. వారానికి నాలుగైదు జతలు చాలు, రోజుకి ఎనిమిదిసార్లు వేలు పొడుచుకోనక్కర్లేదు. చేతికి షుగర్ సెన్సర్ పెట్టుకునేవాళ్లయితే విటమిన్ సి మాత్రలతో జాగ్రత్త. కొన్ని సెన్సర్లు దాన్ని చూసి లేని షుగర్ చూపిస్తాయి. సెన్సర్‌తో వచ్చే కరపత్రంలో ఉంటుంది, చదవండి.

అన్నిటికంటే ముందు చేతులు కడుక్కోండి. నాకు 5.9 వచ్చిన ఆ మొదటి వారంలో ఒకరోజు సాయంత్రం 187 చూపించింది. గుండె జారిపోయింది. మధ్యాహ్నం ఏం తిన్నానో తలుచుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ పొడిస్తే 160 పైనే. అప్పుడు గుర్తొచ్చింది, పది నిమిషాల కిందట మనవరాలికి కమలాపండు వలిచి పెట్టాను. సబ్బు పెట్టి కడిగి, తుడుచుకుని చూస్తే 104. పండు చక్కెర వేలికి అంటుకుంటే దూదితో పోదు, నీళ్లే పడాలి. ఆ 187ని ఇప్పటికీ కొట్టెయ్యలేదు, పుస్తకంలో పక్కన "కమలాపండు, తిన్నది నేను కాదు" అని రాసి ఉంచాను.